లేసు మీద ఎవరి పేరు?

గుండుగొలను నుంచి తాడేపల్లిగూడెం, భీమవరం మీదుగా నరసాపురం వైపు వెళితే చేపల చెరువులు వెనకబడి కొబ్బరితోటలు చిక్కబడతాయి. ఆ ఊళ్లలో వంటపని తెమిలాక ఆడవాళ్లు అరుగుల మీద చేరి లేసు అల్లుతారు.

చూడాల్సింది వాళ్ల ఎడమచెయ్యి. నూలుదారాన్ని చూపుడువేలికి చుట్టి బిగువు చూసుకునేది అదే. కుడిచేతిలోని కొక్కెం సూది ఒక ఉచ్చులోంచి ఇంకో ఉచ్చు లాగుతుంటుంది. బిగువు ఎక్కువైతే పువ్వు ముడుచుకుపోతుంది, తగ్గితే వేలాడుతుంది. కబుర్లు ఆగవు, లెక్కా తప్పదు! విడి పువ్వులన్నీ అతుకుపనివాళ్ల చేతికెళ్లి టేబుల్ క్లాత్ అవుతాయి.

ఈ పని పంతొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలతో వచ్చింది. 1982లో జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ ఈ అల్లేవాళ్ల మీద ఏకంగా పుస్తకమే రాసింది. గంటల తరబడి శ్రమించేవాళ్లని ఇల్లాళ్ల కాలక్షేపం కింద జమకట్టి కూలి కోస్తున్నారన్నది ఆవిడ వాదన. 2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు దక్కింది. సంతోషమే, కానీ ఆ గుర్తింపు ఊరికి, అల్లినవాళ్ల పేరుకి కాదు.

చేసినవాళ్ల పేరు నిలబెట్టిన చోటూ ఒకటుంది. ఉత్తర కెనడాలో కెనోజువాక్ అషెవాక్ అనే ఇనుయిట్ మహిళ పూసలు కుట్టింది, రాయి చెక్కింది. 1960 నాటి ఆవిడ గుడ్లగూబ బొమ్మ 1970లో తపాలా బిళ్ల మీదికెక్కింది. అక్కడి సహకార సంఘం కళాకారుల పేర్లతోనే బొమ్మలు అమ్మింది. మన లేసు చీటీ మీద ఓ మూల అల్లినావిడ పేరు, ఊరు అచ్చేస్తే ఎగుమతిదారుకి పెద్ద ఖర్చేం కాదు.