బ్రహ్మగిరి త్రవ్వకముల నివేదిక: ఒక పరిశీలన

తెలుగు పల్లెలలో ‘రాకాసి గుళ్లు’ అని పిలువబడు పెద్ద రాతి కట్టడములు నిజమునకు ప్రాచీనుల సమాధులు. వీనిలోని కుండలను, ఇనుప పనిముట్లను వెలికిదీయుటయే చిరకాలము పరిశోధనగా చెల్లినది. వీనిని కట్టినవారు ఎచ్చట నివసించిరను ప్రశ్న వెనుకబడినది.

ఇటువంటి సమాధులు కర్ణాటకములోని బ్రహ్మగిరి వద్దను కలవు. అచ్చట 1947లో మార్టిమర్ వీలర్ జరిపిన త్రవ్వకముల నివేదిక ఈ లోపమును చాలవరకు తీర్చినది. ఆయన సమాధులతో పాటు ప్రక్కనున్న ఊరి దిబ్బను కూడ పొరలవారీగా త్రవ్వించెను. సమాధులలోని నలుపు-ఎరుపు కుండలే ఊరి పొరలలోను కనిపించుటచే రెండింటి సంబంధము స్పష్టమైనది. అడుగున రాతిగొడ్డళ్ల సంస్కృతి, దానిపై సమాధుల సంస్కృతి, ఆపైన ఆంధ్ర, అనగా శాతవాహన సంస్కృతి అను వరుస తేలినది.

అయితే ఆయన కాలనిర్ణయము నిలువలేదు. ఆయన సమాధుల ఆరంభమును క్రీ.పూ. 200 ప్రాంతమున నుంచెను. 1965లో కర్ణాటకములోనే హళ్లూరులో త్రవ్వకములు జరిగినవి. అచ్చటి నమూనాలపై జరిపిన కార్బన్-14 పరీక్షలు ఇనుము వాడకమును క్రీ.పూ. 1000 ప్రాంతమునకు జరిపినవి.

పొరల వరుస కంటితో చూచినది, కాలము ఊహించినది. మొదటిది నిలిచినది, రెండవది మారినది. ఈ భేదమును విద్యార్థులకు బోధించుటకు ఇది చక్కని ఉదాహరణము. వీలర్ పొరపాటును దిద్దుటకు మరియొక దిబ్బ మిగిలియున్నది. రాళ్లకై సమాధులను, మట్టికై ఊరి దిబ్బలను త్రవ్వివేసినచో రేపటి పొరపాట్లను దిద్దు సాక్ష్యమే మిగులదు.