ఒక్క గంట కొడితే ఆగాలె

కుక్కపిల్ల కర్రిని ఇంటికి తెచ్చింది మా బిడ్డ. క్వార్టర్ల వెనకాల మోరీ పక్కన దొరికిందట. రెండు నెలలుంటయేమో. బొగ్గు నలుపు. ఒక చెవి లేచి, ఒకటి వాలి ఉంటుంది. వచ్చిన రోజే అర్రలో నట్టనడుమ ఉచ్చ పోసింది. నేను మా గల్లీలో అందరూ చేసే పనే చేశాను. మెడ పట్టుకుని మూతి ఆ తడిలో రాసి, రెండు తగిలించాను. మూడు రోజులు ఇదే పని. నాలుగో రోజు అర్ర పొడిగా ఉంది. గెలిచాననుకున్నాను. వారం తిరిగేసరికి మంచం కింద నుంచి గుప్పున వాసన. కుక్క నేర్చుకున్నది బయటికి పోవడం కాదు, నా కంట పడకుండా పోయడం.

మా బాపు మందమర్రి బొగ్గు బాయిలో హాలర్ ఆపరేటర్‌గా చేసి దిగిపోయిండు. అరుగు మీద కూర్చుని ఇదంతా చూస్తూ ఉన్న మనిషి ఆ రోజు నోరు విప్పాడు. "నువ్వేం జెప్తున్నవో దానికి తెలుస్తలేదురా."

బాయి సంగతి తెలియని వాళ్లకు ఒక మాట. హాలర్ అంటే ఇనుప తాడుతో బొగ్గు టబ్బులను లాగే యంత్రం. నడిపే మనిషి ఒక చోట, టబ్బులు ఎక్కడో దూరాన, చీకట్లో. ఆయనకు ఏదీ కనబడదు. వినబడేది గంట ఒక్కటే. టబ్బులు నడుస్తుండగా ఒక్క గంట మోగితే ఆపాలి. "దానికి ఇంకో అర్థం ఉండొద్దు. ఉంటే మనిషి పోతడు. అది పొద్దుగాల పోసిన దానికి నువ్వు మాపటికి కొడుతున్నవ్. అది గంట గాదు, మోత" అన్నాడు బాపు.

ఆ మాట నాకు గట్టిగానే తగిలింది. లెక్క తీస్తే మా ఇంట్లో గంటలు ఎన్నో తేలింది. కుక్కను కూర్చోబెట్టడానికి నేను "కూసో" అంటాను, బిడ్డ "సిట్" అంటుంది, మా ఆవిడ ఒక రోజు కూర్చోవే అంటుంది, ఇంకో రోజు బతిమాలుతుంది. ఇక "రా" అని ప్రేమగా పిలిచి, దగ్గరికొచ్చాక వీపు మీద ఒకటి వేసిన ఘనత నాదే. ఆ తర్వాత "రా" అంటే అది మంచం కిందికి పోయేది. తప్పు దానిదా?

ఒక్కటే అర్థమున్న ఇలాంటి గంట ఇంకోచోటా ఉంది. అమెరికాలో కరెన్ ప్రయర్ అనే ఆవిడ 1960ల్లో హవాయిలో డాల్ఫిన్లకు ఆటలు నేర్పింది. డాల్ఫిన్‌కు పట్టా కట్టలేం, కర్రతో కొట్టలేం. కోపమొస్తే నీళ్లలోకి మునిగిపోతుంది, అంతే. అందుకని అది సరిగ్గా ఎగిరిన క్షణాన ఈల, ఆ వెంటనే చేప. ఈల అంటే "ఇదే, ఇదే నాకు కావాల్సింది" అని. ఈ పద్ధతి కుక్కలకూ పనికొస్తుందని ఆవిడ 1984లో పుస్తకం రాసింది. మా బాపు ఆ పుస్తకం చూడలేదు. గంట తెలుసు కాబట్టి ఈల సంగతి చెప్పగానే తలూపాడు.

మా ఈల "శెభాష్". కోడి కార్జం ఉప్పూ కారం లేకుండా ఉడకబెట్టి, చిటికెన వేలి గోరంత ముక్కలు కోసి డబ్బాలో పోశాం. నిద్ర లేవగానే, తిన్నాక, ఆడాక, వేపచెట్టు కిందికి తీసుకుపోవడం. ముక్కు నేలకు ఆనించి రెండు చుట్లు తిరుగుతుంది, వెనక కాళ్లు వంచుతుంది. పని కాగానే శెభాష్, ముక్క. పొరపాటున ఇంట్లో పోస్తే కిక్కురుమనకుండా తుడుచుకోవడం. ఇదే అన్నిటికన్నా కష్టం, ఎందుకంటే చెయ్యి దురద పెడుతుంది.

దెబ్బకు దెయ్యం వదులుతుందని పక్కింటాయన అన్నాడు. దండం దశగుణం అని కూడా. అసలు ఆ శ్లోకం చేతికర్రకున్న పది ఉపయోగాల జాబితా. బురదలో ఊతం, ముసలితనంలో ఆసరా వగైరా. కుక్కను అదిలించడం అందులో ఉందని ఒప్పుకుంటాను, కుక్కకు చదువు చెప్పడం మాత్రం లేదు. అదే మన నన్నయ భారతం ఆదిపర్వం తెరిస్తే మొదట్లోనే దెబ్బలు తిన్న కుక్కపిల్ల ఎదురవుతుంది. జనమేజయుడి తమ్ముళ్లు ఏ తప్పూ లేని సారమేయుణ్ని కొడతారు. తల్లి సరమ నేరుగా రాజు దగ్గరికే వచ్చి నిలదీస్తుంది. వెయ్యేళ్లుగా చదువుతున్నాం ఆ కథ.

అయితే గారాబం వేరు. పాలపళ్లు ఊడే వయసులో కర్రి మా పిక్కలు కొరికింది. కొరికినప్పుడల్లా ఆట ఆపేసి లేచిపోయేవాళ్లం, నమలడానికి ముడులు వేసిన పాత తువ్వాలు పడేసేవాళ్లం. ముద్దుగా ఉందని నవ్వితే మాత్రం పెద్దయ్యాక కరిచినా నవ్వాల్సి వస్తుంది. మూడు నెలలు నిండగానే పశువుల దవాఖానలో రేబిస్ టీకా వేయించాం. అందులో గారాబం లేదు, గీరాబం లేదు.

మా దిక్కు ఇంకో తిప్పలుంది. ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగ్ చేస్తే కిటికీలు అదురుతాయి. కర్రి బియ్యం డ్రమ్ము వెనక దూరి వణికేది. దాన్ని బయటికి గుంజలేదు. ధన్‌మని మోగిన వెంటనే ఒక ముక్క, మోగినప్పుడల్లా ఒక ముక్క. నెల దాటాక ఒక మధ్యాహ్నం మోత వినగానే అది డ్రమ్ము దిక్కు పోలేదు, తలెత్తి డబ్బా దిక్కు చూసింది.

మీ ఇంటికి కొత్తగా కుక్కపిల్ల వస్తే ఒక్కటే చెబుతాను. ముక్కలు ముందే జేబులో వేసుకోండి. వంటింట్లోకి పోయి తెచ్చేలోపు అది చేసిన మంచి పని మరిచిపోయి మీ చెప్పు నములుతుంటుంది, ముక్క ఆ చెప్పు ఖాతాలో పడుతుంది.