స్క్రిప్టు కంటే ముందు ఆట

హైస్కూల్లో నాటకాన్ని స్క్రిప్టుతో మొదలుపెడితే అది నలుగురి నాటకమే అవుతుంది. గొంతున్నవాళ్లకు పెద్ద వేషాలు, మిగిలినవాళ్లకు భటుల వేషాలు లేదా తెర లాగే పని. పైగా ఎనిమిది, తొమ్మిది తరగతుల వయసంటేనే నలుగురూ తమనే చూస్తున్నారన్న బెరుకు. ఆ బెరుకు ‘భయపడకు’ అంటే పోదు, మనసుకు వేరే పని దొరికితే పోతుంది. ఆ పనిని కల్పించేదే నాటకపు ఆట.

ఈ పద్ధతికి రూపమిచ్చినవారిలో ముందు చెప్పుకోవలసింది షికాగోకు చెందిన వయోలా స్పోలిన్‌ను. ఆటల ద్వారా బోధనను ఆమె నీవా బాయిడ్ దగ్గర నేర్చుకున్నారు. 1939 నుంచి ప్రభుత్వ వినోద కార్యక్రమంలో పనిచేస్తూ, వలస కుటుంబాల పిల్లలకు ఉపన్యాసాలకు బదులు ఆటలు తయారుచేశారు. వాటిని 1963లో పుస్తకంగా అచ్చువేశారు. ఆమె కొడుకు పాల్ సిల్స్ 1959లో మరికొందరితో కలిసి ప్రారంభించిన ‘సెకండ్ సిటీ’ నాటక బృందానికి ఈ ఆటలే పునాది.

మొదటి ఆటల్లో మాట ఉండకూడదు. అద్దం ఆటలో ఇద్దరు ఎదురెదురుగా నిలబడతారు. ఒకరు నెమ్మదిగా కదులుతుంటే రెండోవారు ప్రతిబింబంలా అనుసరిస్తారు. ముట్టుకోవడం ఉండదు కాబట్టి కలిసి నిలబడటానికి సిగ్గుపడే పిల్లలకూ ఇది ఇబ్బంది కాదు. ఎదుటివాడి చేతిని అంత శ్రద్ధగా చూస్తున్నవాడికి తన సంగతి గుర్తుండదు. కాసేపటికి ఎవరు నడిపిస్తున్నారో చూసేవాళ్లకు తెలియకుండా పోతుంది.

తర్వాతిది చోటు చూపే ఆట. ఒకరు ముందుకొచ్చి, తానెక్కడున్నదీ చెప్పకుండా చేతలతో చూపాలి. రేషన్ షాపు కావచ్చు, బస్టాండు కావచ్చు. పోల్చుకున్నవాళ్లు పైకి చెప్పరు, తగిన పని చేస్తూ వచ్చి కలుస్తారు. ఒకడు సంచి పట్టుకుని వరసలో నిలబడతాడు, ఇంకొకడు తూకం చూస్తాడు. కథ ఎవరూ చెప్పకుండానే సన్నివేశం పుడుతుంది.

మాటలు ఆ తర్వాత. ఇక్కడ ఇంగ్లండ్‌లో మొదలుపెట్టి కెనడాలో స్థిరపడిన కీత్ జాన్‌స్టన్ బోధన అక్కరకొస్తుంది. ఎదుటివాడు అన్నదాన్ని ఒప్పుకుని, దానిమీద ఇంకొకటి చేర్చాలి. “డాక్టరుగారూ, మా మేక సెల్‌ఫోన్ మింగేసిందండీ” అని ఒకరు వచ్చారనుకుందాం. “నేను డాక్టర్ని కాదు” అంటే ఆట అక్కడితో సరి. “ఎత్తకండి, ముందు ఎవరు ఫోన్ చేస్తున్నారో కనుక్కుందాం” అంటే బతుకుతుంది. తెలివిగా ఏదో అనాలన్న తాపత్రయమే కొత్తవాళ్లకు పెద్ద అడ్డంకి. తోచిన మామూలు మాట చాలని జాన్‌స్టన్ అనేవారు. పిల్లలకు ఇంతకంటే ఊరట కలిగించే సలహా ఉండదు.

తెలుగువాళ్లకు ఈ విద్య కొత్తేమీ కాదు. తోలుబొమ్మలాటలో కేతిగాడు ఊరి సంగతులు అప్పటికప్పుడు కలుపుకుంటాడు. పగటివేషగాళ్లు వాకిట్లో ఇంటివాళ్ల మాటను అందిపుచ్చుకుని సంభాషణ నడుపుతారు. బడిలో నాటకమంటే మాత్రం బట్టీ పట్టిన సంభాషణే అయి కూర్చుంది.

అసలు కష్టం పిల్లలది కాదు, టీచరుది. ఆటకు ‘శభాష్’ గానీ ‘ఛీ’ గానీ పనికిరాదని స్పోలిన్ గట్టిగా నమ్మారు. మెప్పు కోసం ఆడేవాడు ఆటను వదిలేసి టీచరు ముఖం చూస్తాడు. అందుకని ఆట సాగుతుండగానే పక్కనుంచి పొట్టి సూచన అందించాలి. లేని బిందెను మోస్తున్నట్టు ఆడేవాడికైతే “బిందె బరువు తెలియనీ”, “వాడి కళ్లు చూడు”. ముగిశాక చూసినవాళ్లను అడగవలసింది బాగుందా అని కాదు, బిందె కనిపించిందా అని. మార్కులు వేయడం మొదలుపెట్టిన రోజే ఇది ఇంకో పరీక్ష అవుతుంది.

తరగతిలో నలభైమంది ఉంటే బల్లలు గోడకు జరిపి సగం మందిని ఆడించాలి, సగం మందిని చూడనివ్వాలి, తర్వాత మార్చాలి. కులం మీద, రంగు మీద, ఒంటి తీరు మీద హాస్యం వద్దని మొదటే చెప్పాలి. ఒకరోజు ఆడనన్నవారిని బలవంతపెట్టకూడదు. చూడటం కూడా ఆటలో భాగమే.

నిలబడ్డ సన్నివేశాలను రాసిపెట్టుకుంటే అవే స్క్రిప్టు అవుతాయి, అందులో పిల్లల సొంత యాస ఉంటుంది. వార్షికోత్సవానికి నాటకం ఎంచుకునే ముందు ఉపాధ్యాయులు వారానికో పీరియడ్ చొప్పున కొన్నాళ్లు వాళ్లను ఇలా ఆడనివ్వాలి.