‘ఉన్నాయి’ అనే క్రియ: నేల సూక్ష్మజీవులపై తెలుగు విజ్ఞాన వచనం – ఒక పరిశీలన

తెలుగులో పారిభాషిక చర్చలు ప్రధానంగా నామవాచకాల చుట్టూ తిరుగుతాయి. ‘మెటాజీనోమ్’ను అనువదించాలా, యథాతథంగా ఉంచాలా అన్న వాదనలో క్రియ మరుగున పడుతుంది. నేల సూక్ష్మజీవుల విషయంలో అసలు చిక్కు ‘ఉన్నాయి’ అనే క్రియలోనే ఉంది.

మట్టిని నీటిలో కలిపి, పలుచన చేసి, అగార్ పళ్లెంపై పెరిగిన గుంపులను లెక్కించడం పాత పద్ధతి. సూక్ష్మదర్శినిలో కనబడేవాటిలో ఇలా పెరిగేవి సాధారణంగా నూటికి ఒకటి కూడా ఉండవు. 1977లో కార్ల్ వోస్, జార్జ్ ఫాక్స్ రైబోసోమ్ ఆర్ఎన్ఏ ఆధారంగా జీవుల వంశక్రమాన్ని నిర్ణయించాక, పెంచకుండానే గుర్తించే దారి ఏర్పడింది. మట్టి నుంచి నేరుగా డీఎన్ఏ తీసి, 16ఎస్ జన్యువును పీసీఆర్‌తో విస్తరింపజేసి, అక్షరక్రమం చదువుతారు. మొత్తం జన్యురాశికి ‘మెటాజీనోమ్’ అన్న పేరు 1998లో జో హాండెల్స్‌మన్ బృందం పెట్టింది.

అయితే చనిపోయిన కణాల డీఎన్ఏ కూడా మట్టిలో నిలిచి ఉంటుంది. కారిని తదితరులు 2016లో ప్రచురించిన అధ్యయనంలో నేల డీఎన్ఏలో సగటున 40 శాతం ఇటువంటి అవశేషమే. అప్పుడు ‘ఈ నేలలో ఫలానా బాక్టీరియా ఉన్నాయి’ అన్న వాక్యానికి అర్థమేమిటి?

ఇది వట్టి మాటల పట్టింపు కాదు. కృష్ణా తుంగభద్రల నడుమ, నడిగడ్డలోని మానవపాడు రేగడిలో శనగ వేసే రైతు రైజోబియం పొట్లం కొన్నాడనుకుందాం. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం ఆ పొడిలో గ్రాముకు కనీసం 5 కోట్ల కణాలు ఉండాలి. ఆ లెక్క పళ్లెంపై పెరిగినవాటిదే. దుకాణం ముందు ఎండకు అవి చచ్చినా డీఎన్ఏ పరీక్షకు దొరుకుతాయి. రెండు పరీక్షల ఫలితాన్నీ మన వచనం ‘ఉన్నాయి’ అనే చెబుతుంది. రైతుకు కావలసింది మొదటిదే.

2020లో సీసీఎంబీ, ఐఐసీటీ శాస్త్రవేత్తలు హైదరాబాద్ మురుగునీటిలో గుర్తించినది కరోనా వైరస్ ఆర్ఎన్ఏ. నగరంలో వ్యాప్తిని అంచనా వేయడానికి అది చాలు. ఆ నీటి ద్వారా వ్యాధి సోకుతుందా అన్నది వేరే ప్రశ్న. ‘మురుగులో వైరస్ ఉంది’ అంటే ఈ రెండూ కలిసిపోతాయి.

కొత్త పదాలేవీ అక్కరలేదు. ‘పెరిగాయి’, ‘కనబడ్డాయి’, ‘జాడ దొరికింది’ అన్న మూడు మాటలు పాఠ్యపుస్తక రచయితకు అందుబాటులోనే ఉన్నాయి. ప్రతి వాక్యంలోనూ ఈ భేదం పాటిస్తే వచనం బరువెక్కుతుందన్న అభ్యంతరం సహేతుకమే. పట్టిక శీర్షికలో ఒకసారి చెప్పినా సరిపోతుంది. వీటిలో ‘జాడ’ మరింత సమర్థమైన మాట. కణంలోని ఆర్ఎన్ఏ సాధారణంగా డీఎన్ఏ కన్నా త్వరగా శిథిలమవుతుంది కనుక, ఒకదాన్ని కొత్త జాడ, మరొకదాన్ని పాతదీ కావచ్చిన జాడ అని వేరుచేసి చెప్పే వీలు కూడా అందులో ఉంది.