సంఖ్య వాళ్లకు, బాధ మనకా? ప్రజారోగ్య పరిశోధనలో దళిత విద్యార్థి

ప్రజారోగ్యంలో పీహెచ్‌డీ ఎక్కడ చెయ్యాలని అడిగే మన విద్యార్థులకు దొరికే సలహా ఒకటే: ర్యాంకు చూసుకో, పేరున్న చోట చేరు. ఈ సలహా ఇచ్చేవాళ్ల ఇళ్లల్లో రెండు మూడు తరాలుగా డాక్టర్లుంటారు. ర్యాంకు చెప్పని సంగతులు వాళ్లకు భోజనాల దగ్గరే తెలుస్తాయి. మనకెవరు చెప్తారు? అందుకే ఈ ఎంపికను మెరిట్ వ్యవహారంగా కాక, జ్ఞానం మీద పెత్తనం ఎవరిదనే ప్రశ్నగా చూడాలి.

మొదటిది గేటు. వైద్య కళాశాలల కమ్యూనిటీ మెడిసిన్ విభాగాల్లో తలుపు ఎక్కువగా ఎంబీబీఎస్, ఎండీ వాళ్లకే తెరుచుకుంటుంది. జబ్బును సమాజంలోంచి చూడాలని పాఠం చెప్తారు గాని సమాజాన్ని చదివినోణ్ణి లోపలికి రానివ్వరు. జేఎన్‌యూలో 1970ల తొలినాళ్లలో మొదలైన సోషల్ మెడిసిన్ కేంద్రం ఈ గోడను కొంత పగలగొట్టింది. డి. బెనర్జీ లాంటివాళ్లు జబ్బుకూ పేదరికానికీ అధికారానికీ ఉన్న లంకెను పాఠంలోకి తెచ్చారు. తిరువనంతపురంలోని అచ్యుత మీనన్ కేంద్రం, ముంబైలోని టిస్, ఒక్కోదానిది ఒక్కో పద్ధతి. చూడాల్సింది ఆ పద్ధతిని, బోర్డు మీద పేరును కాదు.

రెండోది ఇంటర్వ్యూ. యూజీసీ 2022 నిబంధనల్లో పరీక్షకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం. జేఆర్‌ఎఫ్ వచ్చినవాళ్లకైతే ఇంటర్వ్యూయే ఆధారం. అంటే దేశమంతటితో పోటీపడి నెగ్గినోడు నలుగురి ముందు కూర్చుని మళ్లీ ఓడిపోవచ్చు. ఇది మన అపోహ కాదు. జేఎన్‌యూలో అబ్దుల్ నఫే కమిటీ 2016లో రాతపరీక్ష మార్కుల్నీ వైవా మార్కుల్నీ పోల్చి చూసి, వివక్ష కనబడుతోందని, వైవాను 30 నుంచి 15 మార్కులకు తగ్గించమని చెప్పింది. నన్ను ఒకచోట మీ నాన్న ఏం చేస్తాడని అడిగారు. నా పరిశోధన గురించిన ప్రశ్న చివరిదాకా రాలేదు.

మూడోది తిండి. జేఆర్‌ఎఫ్ 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు. నెట్ ఫెలోషిప్ లేకుండా కేంద్ర విశ్వవిద్యాలయంలో చేరితే 8,000. ఫీల్డ్‌వర్కూ ఇంటికి పంపేదీ అందులోనే. డబ్బు ఎన్ని నెలలకు చేతికొస్తుందో సీనియర్లను అడక్కుండా చేరకూడదు.

అసలైంది నాలుగోది: లోపల మన చేతికి ఏ పని ఇస్తారు? మాలోడో మాదిగోడో వస్తే పారిశుద్ధ్యం మీద చెయ్యి, వాడలో నాలుగు ఇంటర్వ్యూలు తీసుకురా అంటారు. గణాంకాలు, మోడళ్లు, విధాన పత్రాలు మాత్రం వేరేవాళ్లకు. సంఖ్య వాళ్లకు, బాధ మనకు. ఇదీ ఒక పని విభజనే. మనలోనూ లెక్కలంటే భయపడి దీనికి ఒప్పుకునేవాళ్లున్నారు. అది మన తప్పు.

సెప్టిక్ ట్యాంకులో మనిషి చనిపోతే మరణానికి కారణం ఊపిరాడకపోవడం అని రాస్తారు. కాంట్రాక్టరు పేరు అక్కడ ఉండదు. కులం కారణం కానే కాదు. పాకీపని తమ దగ్గర లేదని ప్రభుత్వాలు కోర్టుకు చెప్తుంటే, ఉందని ఆధారాలతో చూపింది బెజవాడ విల్సన్ వాళ్ల సఫాయి కర్మచారీ ఆందోళన్. 2003లో వేసిన ఆ కేసులో 2014లో తీర్పొచ్చింది, మృతుల కుటుంబాలకు 10 లక్షల పరిహారం ఇవ్వమని. 2023లో మరో కేసులో కోర్టు దాన్ని 30 లక్షలు చేసింది. ఉద్యమం చేసిన ఆ లెక్కను ప్రజారోగ్య పరిశోధన అనకపోతే ఇంకేమంటారు?

కాబట్టి దరఖాస్తుకు ముందు లైబ్రరీకి పోండి. అక్కడ మనవాళ్లు రాసిన థీసిస్‌లెన్ని, ఏ విషయాల మీద, ఎన్నేళ్లు పట్టింది, ఎవరు మధ్యలో వెళ్లిపోయారు, ఎందుకు వెళ్లిపోయారు, కనుక్కోండి. బయోస్టాటిస్టిక్స్ మనకు నేర్పుతారా, మన ప్రశ్నను మన పేరు మీదే ఉండనిస్తారా, అడగండి. ఇవి అడిగితే సీటు పోతుందేమోనన్న భయం నాకూ ఉండింది. అడక్కుండా చేరితే సీటు మిగులుతుంది, ప్రశ్న పోతుంది.