ఎండను వడగట్టే అద్దం

నంద్యాలలో కంటి ఆపరేషన్ చేయించుకుని నల్లద్దాలతో ఆళ్లగడ్డకు వచ్చిన మా అవ్వను పిల్లలం చుట్టుకున్నాం. "అవ్వా, నీకు పగలే చీకటైందా?" "లేదు నాయనా, ఈ అద్దం ఎండను వడగట్టి వెన్నెల చేస్తాది. పిప్పి దాంట్లోనే ఉండిపోతాది, అందుకే నల్లగుండేది." "మరి రాత్రి పెట్టుకుంటే?" "రాత్రి దానికి ఉపవాసం."

ఇట్లాంటి ఉత్తుత్తి శాస్త్రం చెప్పడం గొప్ప విద్య. అందులో కారణం ఉంది, ఫలితం ఉంది, ఎదురు ప్రశ్న వేయడానికి సందు ఉంది. ఆ సందు దొరికితే పిల్లలు ఊరుకోరు. నల్లద్దాన్నీ తెల్లద్దాన్నీ పక్కపక్కన ఎండలో పెట్టి కాసేపాగి ముట్టుకుంటే నల్లదే ఎక్కువ కాలుతుంది. అద్దం మింగిన వెలుతురు వేడిగా మారుతుంది. అవ్వ చెప్పిన పిప్పి అదే!

వెన్నెల సంగతే నిలబడదు. పున్నమి వెన్నెల ఎండకన్నా దాదాపు 4 లక్షల రెట్లు తక్కువ. బాగా నల్లగా ఉండే మామూలు చలువ కళ్లద్దాలు కూడా నూటికి 8 నుంచి 18 పాళ్ల వెలుతురును లోపలికి వదులుతాయి.

ఆళ్లగడ్డ శిల్పుల పాకల్లో ఇంకో వింత చూడొచ్చు. ఉలి దెబ్బలు తిన్న నల్లరాయి బూడిద రంగులో పాలిపోయి ఉంటుంది. సానపట్టే కొద్దీ నిగనిగలాడే నలుపు తేలుతుంది. రాయి వెలుతురు తాగి నల్లబడిందని పిల్లలకు చెప్పి చూడండి, నమ్మేస్తారు. నిజానికి రాయి మారదు. గరుకు ముఖం వెలుతురును నలుదిక్కులకూ చిమ్ముతుంది, ఆ తెలుపే మనకు కనిపిస్తుంది. నునుపు చేశాక వెలుతురు ఒకే దిక్కుకు మళ్లుతుంది, మిగతా వైపుల నుంచి రాతి సొంత నలుపు బయటపడుతుంది. గరుకు రాయిపై నీళ్లు చల్లండి, తడిసినంత మేరా నల్లబడుతుంది.

నవ్వుకుంటూ చెప్పే అబద్ధంతో చేటు లేదు. నవ్వకుండా నమ్మేదే ప్రమాదం. 2023 వానాకాలంలో తెలుగునాట కళ్లకలక పాకినప్పుడు, నల్లద్దాలు పెట్టుకుంటే ఎదుటివారి చూపు తగలదనుకున్నవాళ్లు ఎందరో. కళ్లకలక అంటేది చేతుల వల్ల, తువ్వాళ్ల వల్ల. చూపు వల్ల కాదు. అద్దం ఎంత నల్లగా ఉంటే కంటికి అంత రక్ష అనుకోవడమూ పొరపాటే. నలుపు వేరు, అతినీలలోహిత కిరణాలను ఆపడం వేరు. ఆ కిరణాలను ఆపని నల్లద్దం వెనక కంటిపాప పెద్దదై, వాటికి దారి ఇంకా వెడల్పవుతుంది. కొనేటప్పుడు రంగు కాదు, యూవీ 400 అన్న గుర్తు చూడాలి.

2027 ఆగస్టు 2న సూర్యగ్రహణం మన దేశంలో పాక్షికంగా కనిపిస్తుంది. గ్రహణం చూసే ప్రత్యేక అద్దాలు లక్షలో సుమారు 3 పాళ్లకు మించి వెలుతురును వదలవు. చలువ కళ్లద్దాలు వదిలేది దానికి వేల రెట్లు. వాటితో పిల్లలను సూర్యుణ్ణి చూడనివ్వకండి. అట్టముక్కకు గుండుసూదితో చిల్లు పొడిచి, సూర్యుడికి వీపు పెట్టి నిలబడి, చిల్లులోంచి తెల్లకాగితంపై పడే సూర్యబింబాన్ని చూపించండి.