365 మెట్లు, ఆరు ఒకట్లు

తిరుత్తణి కొండకు మెట్లు 365. ఏడాదికెన్ని రోజులో అన్ని మెట్లని మా వైపు పిల్లలకు కూడా తెలుసు. డిసెంబరు 31న మెట్టు మెట్టుకూ తిరుప్పుగళ్ పాడుతూ జనం ఎక్కుతుంటే కింద నిలబడి చూసినవాళ్లకు ఇంకా బాగా తెలుసు. ఆ 365ను కంప్యూటరు రాసుకునే తీరు మాత్రం చాలామంది చూసుండరు: 101101101. వికటకవిలాగా ఎటునుంచి చదివినా ఒకటే. అందులో ఒకట్లు ఎన్నంటే ఆరు. షణ్ముఖుడి కొండ మరి! కాకతాళీయమేలెండి, కానీ ప్రోగ్రామరు కంటపడితే వదలబుద్ధి కాదు.

ఆ ఆరును లెక్కపెట్టడం ఎలా? తొమ్మిది స్థానాలనూ వరసగా తడిమి చూడొచ్చు. అంతకన్నా సులువు ఇంకొకటుంది. సంఖ్యలోంచి ఒకటి తీసేసి, వచ్చినదాన్ని పాత సంఖ్యతో 'అండ్' చేయాలి. రెంటిలోనూ ఒకటి ఉన్నచోటే ఒకటి మిగులుతుంది. ఉదాహరణకు 360 అంటే 101101000. ఒకటి తీస్తే 359, అంటే 101100111. కుడి చివరి ఒకటి సున్నా అయింది, దాని వెనకున్న సున్నాలన్నీ ఒకట్లయ్యాయి, ఎడమవైపు ఏదీ కదల్లేదు. రెండూ అండ్ చేస్తే 101100000, అంటే 352. సరిగ్గా ఒక్క ఒకటి రాలిపోయింది. అలా 365 నుంచి 364, 360, 352, 320, 256, ఆపైన సున్నా. ఆరు అంగల్లో కొండ దిగేశాం.

ఈ ఉపాయాన్ని పీటర్ వెగ్నర్ అచ్చువేయించింది 1960లో. ఆ ఏడాదే, ఏప్రిల్ 1న, తిరుత్తణి చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రానికి మారింది. ఇవాళ అది తిరువళ్లూరు జిల్లా. ఉపాయానికీ ఊరు మారింది: కెర్నిహాన్, రిచీల సీ పుస్తకం రెండో కూర్పు, 1988 నాటిది, దాన్ని ఒక అభ్యాసంగా ఇచ్చాక, లోకం కెర్నిహాన్ పేరుతోనే పిలవడం మొదలుపెట్టింది. మొదటి అంగలోనే సున్నాకు చేరితే ఆ సంఖ్య రెండు ఘాతమన్నమాట. అయితే సున్నా కూడా ఈ పరీక్ష గట్టెక్కేస్తుంది, దాన్ని విడిగా పట్టుకోవాలి.

ఇదంతా అమెరికా నుంచి దిగిన విద్యేమీ కాదనిపిస్తుంది నాకు. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చేదాకా రూపాయికి 16 అణాలు, 64 కానులు. అర్ధరూపాయి, పావలా, బేడ, అణా: ఒక్కోటీ ముందుదానిలో సగం. అంగట్లో పదమూడణాలు ఇవ్వాలంటే అర్ధరూపాయి, పావలా, అణా తీస్తారు, బేడ ముట్టుకోరు. అదే 1101. కొలతల్లోనూ అంతే: అర, పావు, పరక, వీసం. పక్కింటి తమిళంలో అరై, కాల్, అరైక్కాల్, మాకాణి.

మన పాత లెక్కల రాత ఇంకో అడుగు ముందుంది. భిన్నాలను నాలుగేసి భాగాలుగా చీలుస్తూ పోతారు. పావుల స్థానంలో నిలువు గీతలు, వీసాల స్థానంలో అడ్డగీతలు, కానుల స్థానంలో మళ్ళీ నిలువు. స్థానం ఖాళీ అయితే నిలువు చోట హళ్ళి, అడ్డం చోట సున్న. 'హళ్ళికి హళ్ళి, సున్నకు సున్న' అంటూ చేతులు దులుపుకునేవాళ్లలో ఈ సంగతి ఎందరికి తెలుసో! పద్నాలుగణాల ఒక కాని ౻౽౹ అవుతుంది: మూడు పావులు, రెండు వీసాలు, ఒక కాని. బిట్లలో 11 10 01, అంటే 57. గుర్తుకు రెండు బిట్లు. ఈ గుర్తులు 2008లో యూనికోడులో చేరాయి.

ఇక వాడకం సంగతి. రెండుతో గుణించడానికి బిట్లను ఎడమకు జరపడం పాత ముచ్చట, కంపైలరు ఆ పని తనే చేసుకుంటుంది. మూడో డబ్బా లేకుండా ఎక్సార్‌తో రెండు విలువలు తారుమారు చేయడం ఇంటర్వ్యూలో గొప్పకే పనికొస్తుంది. ఒకట్ల లెక్కకు ఇప్పటి ప్రాసెసర్లలో విడిగా ఒక ఆదేశమే ఉంది. చిన్న చిప్పుల్లో, చదరంగం ప్రోగ్రాముల్లో మాత్రం బిట్ల పని రోజూ తగులుతూనే ఉంటుంది. అక్కడ నేను నేర్చుకున్నది ఒకటే: బ్రాకెట్లు పెట్టు. సీ భాషలో అండ్ కన్నా 'సమానమా' అన్న పోలికకే ముందు వంతు. సరిసంఖ్యా కాదా అని చివరి బిట్టును సున్నాతో పోలుస్తూ బ్రాకెట్లు మరిచాను. ఏ సంఖ్య ఇచ్చినా 'కాదు' అంది. ఒక రాత్రంతా పోయింది.

పోయినసారి మేనల్లుడితో కొండెక్కాను. 256వ మెట్టు దగ్గర నీళ్లు తాగడానికి ఆగాం.

"ఇంకా ఎన్నుండాయి మామా?"

"నూట తొమ్మిది."

వాడు మెట్టుమీద కూచుని వేళ్లు మడిచాడు. "అయిదు ఒకట్లు," అన్నాడు, సీసా మూత బిగిస్తూ.